అరువు గొంతు

క్రైస్తవ ప్రసంగానికీ గ్రీకు, రోమన్ వక్తృత్వ శాస్త్రానికీ ఉన్న బంధం గురించి మాట్లాడితే అగస్టీన్ పేరు రాకుండా ఉండదు. మిలాన్‌లో వక్తృత్వం బోధించే ఉద్యోగాన్ని ఆయన 386లో వదిలేశాడు. బిషప్ అయ్యాక, 426 ప్రాంతంలో పూర్తిచేసిన ‘డి డాక్ట్రినా క్రిస్టియానా’ నాలుగో భాగంలో ప్రసంగీకులకు సిసిరో పాఠమే మళ్లీ చెప్పాడు: బోధించాలి, రంజింపజేయాలి, కదిలించాలి. అబద్ధానికి పనికొచ్చే విద్య నిజానికెందుకు పనికిరాకూడదన్నది ఆయన వాదం.

ఒకచోట మాత్రం సిసిరోను దాటాడు. చిన్న విషయానికి సాదా శైలి, గొప్ప విషయానికి గంభీర శైలి అన్నది పాత లెక్క. కోర్టులో డబ్బు తగాదా చిన్నది, ప్రాణం మీదికొచ్చే కేసు పెద్దది. చర్చిలో చిన్న విషయమంటూ లేదంటాడు అగస్టీన్. సువార్తలోని గిన్నెడు చన్నీళ్ల గురించి తాను ప్రసంగిస్తే, ఆ చల్లటి నీళ్లలోంచే మంట లేచి జనం గుండెల్ని అంటుకుందని గుర్తుచేస్తాడు. వంటిల్లు కవితా వస్తువేనా అన్న వాదం విన్న మనకు ఈ మాట విలువ తెలుసు.

వస్తువు హోదా మారింది సరే, వక్త మారిందా? వక్తృత్వం ప్రధానంగా మగపిల్లల్ని కోర్టులకూ కొలువులకూ తయారుచేసే చదువు. స్త్రీ బోధించకూడదన్న మాట తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఉంది. రెండు ఆంక్షలూ ప్రసంగ వేదిక దగ్గర కలిశాయి. నీళ్లు మోసే చేతికి గౌరవం దక్కింది, మాట్లాడే హక్కు దక్కలేదు.

చిన్నప్పుడు బడిలో కోపంతో రగిలే జూనో దేవతగా మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్న సంగతి అగస్టీనే ‘కన్ఫెషన్స్’లో రాశాడు. మగపిల్లవాడికి స్త్రీ గొంతు ఒక అభ్యాసం, ఆడి వదిలేసే వేషం.

అదే కాలపు రోమ్‌లో మార్సెల్లాను చూడండి. 385లో జెరోమ్ నగరం విడిచాక, లేఖనాల మీద సందేహాలొస్తే పురోహితులు సైతం ఆమెనే అడిగేవారట. తన సొంత జవాబును కూడా జెరోమ్‌దనో, మరో పురుషుడిదనో చెప్పేదట. ఆమె మరణం తర్వాత రాసిన లేఖలో జెరోమ్ దీన్ని అణకువగా మెచ్చుకున్నాడు.

నాకది అణకువగా కనిపించదు. ఎవరి నోట వస్తే మాట చెల్లుతుందో ఎరిగిన వక్త పన్నిన ఉపాయం అది. అగస్టీన్‌కు ఆటగా దొరికిన అరువు గొంతు ఆమెకు షరతు అయింది. అందుకామె చెల్లించిన మూల్యం తన పేరు.

మార్సెల్లా రాసిన ఉత్తరాలు దక్కలేదు. హల్లెలూయా, ఆమేన్ వంటి హీబ్రూ మాటల్ని అనువదించకుండా ఎందుకుంచారన్న ఆమె ప్రశ్నకు జెరోమ్ ఇచ్చిన జవాబు మాత్రం దక్కింది. ప్రసంగ చరిత్రను స్త్రీల వైపు నుంచి రాయాలంటే ఇలాంటి జవాబుల్లోంచి ప్రశ్నల్ని వెనక్కి రాబట్టుకోవాలి. అప్పుడా ప్రశ్నలు అడిగినామె పేరుతోనే వినిపిస్తాయి.