ఆటో ఛార్జీ ఏ పద్దులో రాయాలి?

బ్యాంకు నుంచి రిటైరయ్యాక విజయనగరంలో ఒక చిన్న సొసైటీకి కోశాధికారిగా కూర్చున్నాను. జీతం లేని కొలువు. మా సంస్థకు సొంత బడి లేదు, హాస్టలు లేదు, ట్రైసైకిళ్లు పంచే సభలు లేవు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే టీచర్లకు దన్నుగా ఉండటమే మా పని. నెలకోసారి అందరినీ కూడేసి శిక్షణ ఇప్పిస్తాం. బోధన సామగ్రి అరువిచ్చే బీరువా ఒకటుంది. పల్లెల్లో బడికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్లేవాళ్లకు దారిఖర్చులిస్తాం. వినడానికి చిన్న పనులే కానీ, చందా పుట్టనివి ఇలాంటి పనులే.

దాతలు ముందుగా అడిగేది ఒకటే: ‘మా డబ్బు నేరుగా పిల్లలకే చేరుతుందా?’ అడగాల్సిన ప్రశ్నే. ట్రైసైకిలు ఇస్తే చేరినట్టు ఫొటో ఉంటుంది, వెనకాల బ్యానరూ ఉంటుంది. (ఆ బ్యానర్ల ముందు బిత్తరపోయి కూర్చున్న పిల్లల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, అది వేరే సంగతి.) టీచరమ్మ షేరాటోలో ఇరుక్కుని వెళ్లొస్తే ఏం ఫొటో తీస్తాం?

గజపతినగరం అవతల ఒక పల్లెకు అలా వెళ్లే టీచరు వెంట నేనూ వెళ్లాను, వోచరు మీద సంతకం పెట్టేవాడిని కదా, ఆ ఖర్చులో ఏముందో చూద్దామని. బుద్ధిమాంద్యం ఉన్న పన్నెండేళ్ల అబ్బాయి. ఆవిడ వాడికి చొక్కా తొడిగి, పై గుండీలన్నీ తనే పెట్టింది. అన్నిటికన్నా కింది గుండీని మాత్రం కాజాలోకి సగం దూర్చి వదిలింది. మిగతా సగం వాడు లాగాలి. లాగాడు. ఇంకేముంది, చొక్కా తొడుక్కోవడం వాడి చేతుల్లోనే పూర్తయింది. అది కుదిరాక కింది గుండీ మొత్తం వాడిదే, తర్వాత దాని పైది. చివరి నుంచి మొదటికి నేర్పుకుంటూ వస్తారు. ప్రతిసారీ పని ముగించింది తనే కాబట్టి పిల్లవాడికి విసుగు రాదు.

ఈ టీచర్ల నోటుబుక్కులో మార్కులు ఉండవు, పొడి అక్షరాలుంటాయి. చేయి పట్టుకుని చేయించాల్సి వస్తే పీపీ, నోటితో చెబితే చేస్తే వీపీ. ‘కింది గుండీ పీపీ నుంచి వీపీకి వచ్చాడండీ’ అని ఆవిడ నాతో అంటుంటే, కొడుకు ఫస్టు క్లాసులో పాసయ్యాడని చెబుతున్నట్టే వినిపించింది. ‘పనికి ఏళయిపోతాదని ఇన్నాళ్లూ నానే పెట్టీసీదాన్ని బాబూ’ అంది వాళ్లమ్మ.

ఈ నేర్పు ఊరికే రాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంతకుముందు 1995 చట్టంలో ఉన్నవి ఏడే. స్పెషల్ బీఈడీ మాత్రం ఒక్కో వైకల్యానికి విడిగా చదువుతారు. వినికిడి లోపం మీద చదివినావిడ, ఇలాంటి పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో అడుగుపెట్టేసరికి ఎదురుగా ఆటిజం పిల్లవాడుంటాడు, పక్కన సెరిబ్రల్ పాల్సీ పాప ఉంటుంది. మా నెలవారీ శిక్షణలు అందుకే. పైగా రిహాబిలిటేషన్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ కావాలంటే గుర్తింపున్న శిక్షణలకు హాజరై పాయింట్లు కూడబెట్టాలి. ఫీజు, బస్సు, బస అన్నీ కాంట్రాక్టు జీతంలోంచే. ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. పోస్టులు నింపడం ప్రభుత్వాల పని. ఉన్నవాళ్లు విసిగి మానేయకుండా చూడటం మా బోటివాళ్ల పని.

ఇక డబ్బు వచ్చే వేళ. కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ సంగతి చాలామందికి ఫిబ్రవరిలో గుర్తొస్తుంది. ‘మార్చి 31 లోపల ఖర్చు చూపించగలరా మాస్టారూ?’ అని ఫోను. చూపించగలిగేది సామాన్లే. టీచరు జూన్ నుంచి వారం వారం తిరగాల్సిన తిరుగుడు మార్చిలోనే ఎలా తిరిగేస్తుంది? పోనీ సొమ్ము దాచుకుందామంటే, ట్రస్టుల ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చవ్వాలని ఆదాయపన్ను నిబంధన. కుదరకపోతే కారణం చెప్పుకుంటూ ఫారాలు నింపాలి. నింపుతాం.

విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించి పరిపాలన ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి దించారు. మాకు విదేశీ సొమ్ము రాదు. కానీ పరిపాలన ఖర్చంటే దుబారా అన్న భయం ఇక్కడి దాతలకూ పట్టుకుంది. తమాషా ఏమిటంటే, ఆ చట్టం కింది నిబంధనల్లోనే బడి నడిపే సంస్థ టీచర్లకిచ్చే జీతాన్ని పరిపాలన ఖర్చు లెక్కలోంచి తీసేశారు. మాకు బడి లేదు కనుక మా టీచర్ల దారిఖర్చు దాతల కంటికి ఆఫీసు ఖర్చులాగే కనిపిస్తుంది.

‘బోధన సామగ్రి కింద వేసెయ్యండి, ఎవడు చూడొచ్చాడు’ అని సలహా ఇచ్చినవాళ్లున్నారు. నేను వెయ్యను. అబద్ధం రాయకూడదన్నది సరే, అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. ఈ ఏడు దాచిన ఖర్చు వచ్చే ఏటికి లేని ఖర్చవుతుంది. ‘పోయినసారి దారిఖర్చు లేకుండానే నడిపారుగా’ అంటారు. అందుకని దానికి విడిగా పద్దు తెరిచాను. ఆటోవాళ్లు బిల్లివ్వరు కాబట్టి టీచరే సంతకం చేసే వోచరు పెట్టాం: ఎక్కిన ఊరు, దిగిన ఊరు, ఇచ్చిన సొమ్ము, ఆ పూట నేర్పింది. పిల్లల పేర్లు రాయం, నంబర్లే. ఆడిటరుగారు కట్ట తిరగేసి, ‘ప్రతి వోచరులోనూ ఈ వీపీ ఎవరండీ, మీ వైస్ ప్రెసిడెంటా?’ అని అడిగారు.

ఈసారి కంపెనీకి పంపిన ప్రతిపాదనలో దారిఖర్చే మొదటి పద్దు. కోత పెడతారనే నా అనుమానం. అందుకే కాగితం వెనక టీచర్లు వెళ్లే పల్లెల జాబితా జతచేసి, తగ్గించేట్టయితే ఏ ఊరికి వెళ్లడం మానెయ్యాలో మీరే టిక్కు పెట్టి పంపండని రాశాం.