కాగితముల మీది వజ్రము



హైదరాబాదులో బషీర్‌బాగ్ అను పేట కలదు. 1887 మొదలు 1894 వరకు నిజాము రాజ్యమునకు దివానుగా నుండిన సర్ ఆస్మాన్ జా కట్టించిన భవనమును బట్టి దానికి ఆ పేరు వచ్చెను. ఆ భవనము నేడు లేదు, పేరు మిగిలియున్నది. ఇప్పుడు ఆ త్రోవలో ముత్యముల అంగళ్లును నగల అంగళ్లును ఉన్నవి. పెండ్లిండ్ల కాలమున మన విశ్వాసులును అక్కడ కనబడుదురు. వారిని చూచి "లోకాశలు!" అని నిందించి వ్యాసము ముగించుట సులభమే. అయితే అట్టి విమర్శ ఎవరి హృదయమును తాకదు; వ్రాయువాని హృదయమును అసలే తాకదు.

బషీర్‌బాగ్‌కు ప్రక్కనే కింగ్ కోఠీ యున్నది. కడపటి నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ అక్కడనే నివసించి, 1967 ఫిబ్రవరి 24న అక్కడనే మరణించెను. 1937లో అమెరికా దేశపు టైమ్ పత్రిక ఆయన చిత్రమును అట్టమీద వేసి, లోకములో అందరికంటె ధనవంతుడని పేర్కొనెను. ఆయన యొద్ద జేకబ్ వజ్రము ఉండెను. దాని తూకము 184.75 క్యారెట్లు, అనగా ఇంచుమించు 37 గ్రాములు. తండ్రి పాదరక్షలో దొరికిన ఆ వజ్రమును, కాగితములు ఎగిరిపోకుండ వాటిపై బరువుగా ఉంచెడివాడని చెప్పుదురు. 1995లో భారత ప్రభుత్వము ఆ వజ్రముతో కూడ 173 ఆభరణములను 218 కోట్ల రూపాయలకు కొనెను.

ఇది విని మనము నవ్వుదుము. అంత వెలగల రాతికి ఇంత చిన్న పనియా అందుము. కాని మన యిండ్లలో జరుగుచున్నదేమి? ఆయన కాగితముల మీద వజ్రమును పెట్టెను. మనము వజ్రము మీద కాగితములను పెట్టుచున్నాము. మార్కుల జాబితా, వీసా, స్థలపు దస్తావేజు, అప్పు పత్రము, వీటి బరువంతయు పదునారేండ్ల బిడ్డ గుండె మీద మోపుచున్నాము. బిడ్డ రాత్రి నిద్రించుచున్నాడో లేదో ఎరుగము. ర్యాంకు ఎంతయో ఎరుగుదుము.

ఈ దోషములో కాపరినైన నాకును పాలు కలదు. ప్రార్థన నిమిత్తము నాకు చీటీలు అందుచుండును. సీటు రావలెను, వీసా రావలెను, ప్లాటు అమ్ముడుపోవలెను. ఏమియు అడుగకయే ప్రార్థించుచు వచ్చితిని. ఒకనాడు ఒక తండ్రి కుమారుని సీటు కొరకు చీటీ తెచ్చెను. ప్రార్థించి ఆమేన్ అంటిమి. తండ్రి వెలుపలికి పోగా ఆ చిన్నవాడు గుమ్మము వద్ద నిలిచి, "అయ్యగారూ, సీటు రాకపోయినా మా నాన్న నాతో మాట్లాడేటట్లు ప్రార్థన చేస్తారా?" అని అడిగెను. ఆ మాట తండ్రి చీటీలో లేదు. నా ప్రార్థనలోను లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చదువరీ, కోరిక కలిగియుండుటే పాపమని ప్రభువు బోధింపలేదు. కూలి చేసి బిడ్డను చదివించు తల్లికి ఆ సీటు రేపటి అన్నమే. ఆ కోరికను తేలికగా ఎంచరాదు. మనకు ఆహారమును వస్త్రమును కావలెనని పరలోకపు తండ్రి ఎరుగునని చెప్పిన తరువాతనే, మత్తయి 6వ అధ్యాయములో ఆయన దేవుని రాజ్యమును నీతిని వెదకుమనెను. అక్కడ ఆయన "మాత్రమే" అనలేదు, "మొదట" అనెను. మన కోరికల వరుస తప్పినది. బిడ్డకంటె సీటు ముందు నిలిచిన దినమున ఆ సీటు విగ్రహమగును. దానికి బలి ఆ బిడ్డయే. మనము యోగ్యులమైన తరువాతనే క్రీస్తు మనయొద్దకు వచ్చెనా? అట్లు కానప్పుడు, మన బిడ్డలు గెలిచిన తరువాతనే వారిని ప్రేమించుట ఏ సువార్త?

నాటినుండి ఎవరు చీటీ తెచ్చినను, "ఇది దొరకకపోయినయెడల మీ యింట ఏమి మిగులును?" అని అడుగుచున్నాను. కొందరు నొచ్చుకొందురు. కొందరు కూర్చుండి మాటలాడుదురు. నీవును నేటి రాత్రి నీ కోరికలను ఒక కాగితముపై వరుసగా వ్రాసి చూడుము. ప్రార్థించుటకు ముందు నీ బిడ్డ పడుకొనిన గదికి వెళ్లి, సీటు వచ్చినను రాకపోయినను నీవు మాకు కావలెనని నోటితో చెప్పుము.

తండ్రీ, మొదటిదానిని మొదట ఉంచుట మాకు నేర్పుము. మా బిడ్డల మీద మేము మోపిన బరువును మా చేతులతోనే దింపుకొను కృప దయచేయుము. ఆమేన్.