పాత్రధారణక్రీడలందుఁ గౌశలపరీక్ష

ఆంధ్రమహాభారతమున నరణ్యపర్వమును జదివినవారికి ఋతుపర్ణుఁడు నలునకు నక్షహృదయ ముపదేశించిన కథ సుపరిచితము. అందుఁ బాచికలాట యొక విద్య. అది యెఱుఁగనినాఁడు నలుఁడు రాజ్యమును గోల్పోయెను. ఎఱిఁగిన పిదప మరల గెలుచుకొనెను. 1974 మొదలుకొని యమెరికాదేశమున వెలువడి పలుదేశములకు వ్యాపించిన పాత్రధారణక్రీడలయందు, అనఁగా రోల్‌ప్లేయింగ్ గేము లని వ్యవహరింపఁబడువానియందు, ఈ సంబంధము తలక్రిందైనది. ఇందుఁ బాచిక వేయువాని చేతికి నేర్పక్కఱలేదు. నేర్పంతయుఁ బాత్రముది. అది కాగితముమీఁద నొక సంఖ్యగా వ్రాయఁబడి యుండును. పాచిక పడిన పిదప దానితోఁ గూడును, లేదా దానితోఁ బోల్చఁబడును.

క్రీడాస్వరూపము సులభమైనదే. బల్లచుట్టుఁ గూర్చున్న నలుగు రైదుగురిలో నొకఁడు సూత్రధారుఁడు. కథలోని లోకమును, అందలి జనులను, ఆపదలను వర్ణించుట యతని పని. తక్కినవా రొక్కొక పాత్రమును ధరించి, ఆ పాత్ర మేమి చేయునో నోటితోఁ జెప్పుదురు. ఒకఁడు కోటగోడ నెక్కుదు ననును. ఎక్కఁగలఁడా యను సందేహము పుట్టును. ఆ సందేహమును దీర్చుటకుఁ బెట్టినది కౌశలపరీక్ష.

గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 1974లోఁ బ్రకటించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' క్రీడయందు సర్వకౌశలములకుఁ జెల్లు పరీక్షావిధానము లేదు. 1975 నాఁటి యనుబంధమున దొంగ యను పాత్రము చేరిన పిదపఁ దాళము దీయుట, నీడలో దాఁగుట మొదలైనవానికి శాతము లేర్పడినవి. 1978లో వెలువడిన క్రీడాకారుల గ్రంథమునఁ బ్రథమశ్రేణి దొంగకు గోడ యెక్కుటకు నూటికి 85, తాళము దీయుటకు 25, నీడలో దాఁగుటకు 10 మూలసంఖ్యలు. వృత్తిచేతనే దొంగయైనవాఁడు పదిమాఱులు దాఁగఁబోయి తొమ్మిదిమాఱులు పట్టువడుట ప్రహసనమునకుఁ జక్కఁగా నుపకరించును; గ్రంథకర్త కోరినది ప్రహసనము కాదు.

2000 సంవత్సరమున వెలువడిన మూఁడవ కూర్పున విధి యేకరూపమైనది. ఇరువదిముఖముల పాచికను వేసి, పడినదానికిఁ గౌశలసంఖ్యను గలిపి, కార్యమునకు నిర్ణయింపఁబడిన కాఠిన్యసంఖ్యతోఁ బోల్చుదురు. కాఠిన్యము 15 అయినచో, కౌశలము 5 గలవానికి నూటికి 55 పాళ్లును, ఏమియు నేర్వనివానికి 30 పాళ్లును జయావకాశము. ఇంతవఱకు బాగున్నది. కాని శిథిలశాసన మొకటి యెదుటఁ బడినప్పుడు నలుగురు నిరక్షరప్రాయు లొకరివెనుక నొకరు పాచికలు వేసిరేని, వారిలో నొకనికైన నది బోధపడు నవకాశము 76 పాళ్లు! పండితునికి 55, పామరుల గుంపునకు 76. తరగతిలోఁ బ్రశ్నను వరుసగా నందఱిని నడిగినఁ గాకతాళీయముగా నెవఁడో యొకఁడు సరిగాఁ జెప్పుట పాఠశాలోపాధ్యాయు లెఱుఁగనిది కాదు. వానిని శాసనపరిష్కర్త యని మాత్ర మెవరు ననరు. క్షేమేంద్రుఁ డౌచిత్యమును గావ్యమునకు జీవితముగాఁ జెప్పెను. ఇట్టి పరీక్ష యా జీవితమునే హరించుచున్నది. కావలివాని కన్నుగప్పి నలుగురును దాఁటిపోవలసినచో దోషము విపర్యస్తమగును. ఒక్కొక్కనికి 55 పాళ్లున్నను, నలుగురును దప్పక దాఁటుట కించుమించుగాఁ దొమ్మిది పాళ్లే. 2014 నాఁటి యైదవకూర్పు దీని నెఱిఁగి, సగముమంది గెలిచిన గుంపంతయు గెలిచినట్లు విధించినది. అది సముచితమైన సవరణ.

పాచిక జాతియు విచార్యమే. ఇరువది ముఖములలోఁ బ్రతిదానికిని సమానావకాశము. 1986లో స్టీవ్ జాక్సన్ ప్రకటించిన 'గర్ప్స్' క్రీడయందు మూఁడు సాధారణపాచికలు వేయుదురు. 216 విధములలో 10 గాని 11 గాని పడుట కొక్కొకదానికి 27 విధములు. 3 గాని 18 గాని పడుట కొక్కొక విధమే. కాఁబట్టి యందు నేర్పరి నేర్పరిగాఁ గనఁబడుట మెండు.

అంతకంటె గురుతరమైన దోషము కథ నిలిచిపోవుట. శాండీ పీటర్సన్ రచించిన 'కాల్ ఆఫ్ క్థుల్హు' (1981) పరిశోధనప్రధానమైన క్రీడ. అందు గ్రంథాలయమును శోధించు నేర్పునకు మూలసంఖ్య 25. రహస్యపత్రము పుస్తకములలో నున్నది. పాచిక ప్రతికూలముగాఁ బడినది. ఇఁకఁ గథ యెటు పోవలెను? రాబిన్ లాస్ కల్పించి, కెన్నెత్ హైట్ 2008 నాఁటి 'ట్రెయిల్ ఆఫ్ క్థుల్హు' గ్రంథమున ననుసరించిన 'గమ్‌షూ' పద్ధతి దీనికిఁ బ్రతిక్రియ. తగిన నేర్పుగల పాత్రము తగినచోట వెదకినచోఁ బత్రము దొరకితీరును, పాచిక లేదు. అట్లయిన నుత్కంఠ యెక్కడిదని పూర్వపక్షము. ఉత్కంఠ పత్రము దొరకుటయందుఁ గాదు, దాని యర్థమును గ్రహించి యేమి చేయుదు రనుటయందున్నది. అయినను అగడ్తను దాఁటుటకును బత్రమును వెదకుటకును భేదము గలదు. అగడ్తలోఁ బడినవానికిఁ గథ గలదు. పత్రము దొరకనివానికి లేదు. విన్సెంట్ బేకర్ 2010లోఁ బ్రకటించిన 'అపోకలిప్స్ వరల్డ్' ఈ భేదమును జక్కఁగాఁ బట్టినది. అందు రెండు పాచికల 36 విధములలో, కౌశలము సున్నయైనవానికి, సంపూర్ణజయము 6, మూల్యము చెల్లించి పొందు జయము 15, అపజయము 15. అపజయము సంభవించినప్పుడు సూత్రధారుఁడు క్రొత్తయాపదను గల్పించును గాని 'ఏమియు జరుగలేదు' అని యూరకుండుట లేదు.

తప్పినపరీక్షను మరల మరలఁ జేయుటనుగూర్చి విస్తరింప నక్కఱలేదు. మూఁడవకూర్పు, తప్పినను హాని లేనిచో, ఇరువదింతల కాలము వెచ్చించినవానికి ఇరువది పడినట్లే యెన్నుకొమ్మన్నది. 'కాల్ ఆఫ్ క్థుల్హు' ఏడవకూర్పు రెండవయత్నము నొసఁగి, అదియుఁ దప్పినచో మఱింత కీడు విధించినది. రెండును గ్రాహ్యములే.

అన్నింటికంటెఁ జిక్కైనది వాక్కునకు సంబంధించిన ప్రశ్న. గోడ యెక్కుదు ననిన క్రీడాకారుని లేచి యెక్కి చూపుమని యెవరు ననరు. రాజసభలో రాయబారము నడపుదు ననినచో మాత్ర మేమని పలుకుదువో పలికి చూపు మందురు. అప్పుడు సహజముగా మాటకారియైనవాఁడు మోటుసైనికుని పాత్రమును ధరించియు సభను మెప్పించును. నలుగురిలో నోరు విప్పలేని బిడియస్థుఁడు చతురుఁడైన రాయబారి పాత్రమును ధరించియు భంగపడును. అతఁ డా పాత్రమును గోరుకొన్నదే తనకు లేని వాక్చాతుర్యము నొక సాయంకాలమైన ననుభవింపవలెనని. భీముని వేషము వేయు నటుఁడు నిజముగా నొకని తొడ విఱుగఁగొట్టవలెనని యే లాక్షణికుఁడును విధింపలేదు.

మాటలే వలదు, పాచిక విసరినఁ జాలు ననువారును గలరు. వారి మతమున రాయబారమునకును దాళము దీయుటకును భేదము లేదు. పలుకఁబడనిదానిని సభ యెట్లు వినును? ఏ వాదమును బన్నవలెను, ఎవరి భయమును గాని యాశను గాని యాశ్రయింపవలెను అనునది క్రీడాకారుఁడు నిర్ణయింపవలసినది. దాని నతఁడు తడఁబడుచుఁ జెప్పినను, తన పాత్రమును 'అతఁడు' అని పేర్కొనుచుఁ జెప్పినను లోపము లేదు. ఆ మాటలు సభలో నెంత సొంపుగా వినఁబడినవో పాత్రముయొక్క సంఖ్యయుఁ బాచికయుఁ దేల్చును. సంధివలన శత్రురాజునకుఁ గలుగు లాభమును గుర్తించి చెప్పినవానికిఁ గాఠిన్యము 15 నుండి 10కి దిగవలెను. వట్టిపొగడ్తతో సరిపెట్టినవానికి 20కి నెక్కవలెను. కౌశలము 5 గల రాయబారికి మొదటిపట్ల జయావకాశము 80 పాళ్లు, రెండవపట్ల 30. నడుమనున్న 50 పాళ్లును బిడియస్థుని యాలోచనకు దక్కిన విలువ. సూత్రధారుఁ డా కాఠిన్యసంఖ్యను, అతఁడు పాచికను జేతఁ బట్టకమునుపే, బల్లచుట్టు నున్నవా రందఱు వినునట్లు చెప్పవలెను.