పారబోసిన పాలకు ధర

నెయ్యి దుబాయ్‌కి పంపుదామనుకుంటున్నాం, ఏయే కాగితాలు కావాలండీ అని అడుగుతూ వచ్చే కుర్రాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. డెయిరీలో పాల పరీక్షలు చేసిన మనిషిని కాబట్టి ఎవరో ఒకరు నా దగ్గరికి పంపుతుంటారు. కాగితాల సంగతి తొందరగానే తేలిపోతుంది. ఐఈసీ అనే ఎగుమతి-దిగుమతి కోడు నంబరు, ఎగుమతుల ప్రోత్సాహక సంస్థ అపెడాలో నమోదు, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు, గల్ఫ్‌కైతే హలాల్ పత్రం, డబ్బా మీద అరబిక్‌లో వివరాలు. కాస్త అనుభవమున్న ఏజెంటు దొరికితే ఇవన్నీ నడిచిపోతాయి. "మీకు పాలు పోసేవాళ్ల గేదెలు ఏం తింటున్నాయి బాబూ?" అని నేను అడిగినప్పుడు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

జవాబు తెలియకపోయినా ఒకటి రెండు కంటైనర్లు వెళ్లిపోవచ్చు. నాలుగు కాలాలపాటు నిలిచే వ్యాపారం కావాలంటే ఆ ప్రశ్న తప్పించుకోలేరు. 1963 నాటి చట్టంతో ఏర్పడ్డ ఎగుమతుల తనిఖీ మండలి మనకుంది. పాల ఉత్పత్తుల ఎగుమతికి 2000లో విడిగా నిబంధనలు వచ్చాయి. ప్లాంటును చూసి ఆమోదించడం, నమూనాలు తీయడం, ఆరోగ్య ధ్రువపత్రం ఇవ్వడం ఆ వ్యవస్థ పని. ఆ పత్రం మీద సంతకం పెట్టే అధికారి దేశం తరఫున మాట ఇస్తున్నాడు. కొనే దేశాన్ని బట్టి ఆ మాట డబ్బాలోని సరుకు దగ్గర ఆగదు. పశువుల ఆరోగ్యం, వాటికి వేసిన మందులు, తిన్న మేత దాకా వెళుతుంది. రెండు గేదెలున్న ఇంటి కొట్టం గురించి ఒక ప్రభుత్వం మరో ప్రభుత్వానికి పూచీ పడుతోందన్నమాట. ఇది నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

మేత సంగతే తీసుకుందాం. వానాకాలంలో వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క, మొక్కజొన్న చెమ్మ తగిలి బూజు పడతాయి. మనం తినలేనిదాన్ని గొడ్డుకు వేయడం మన ఊళ్లలో ఎవరూ తప్పనుకోరు, పారేయడానికి మనసొప్పదు. ఆ బూజులో అఫ్లటాక్సిన్ బి1 అనే విషం ఉండొచ్చు. పశువు కాలేయంలో అది ఎం1గా మారి పాలలోకి దిగుతుంది. తిన్న మర్నాటికే పాలలో కనిపిస్తుంది, ఆ మేత ఆపేస్తే మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. కాచినా పోదు, పాశ్చరైజ్ చేసినా పోదు. మన దేశంలోనూ, అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణంలోనూ కిలో పాలకు 0.5 మైక్రోగ్రాముల దాకా ఒప్పుకుంటారు. యూరప్ సమాఖ్యలో ఆ హద్దు 0.05. పదో వంతు! దాణాలో బి1కి మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన హద్దు కిలోకు 20 మైక్రోగ్రాములైతే, పాడి పశువుల దాణాకు వాళ్లు పెట్టింది 5. ఎం1 పాలలోని ప్రోటీన్ అయిన కేసిన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది, కొవ్వు వెంట పెద్దగా రాదు. అందుకే నెయ్యితో దీని బాధ తక్కువ. నెయ్యి సాఫీగా వెళ్లింది కదా అని చీజ్‌లోకి దిగినవాళ్లకు అప్పుడు తెలుస్తుంది ఈ విషం సంగతి.

పాల భద్రత అనగానే మన మాటలన్నీ కల్తీ చుట్టూ తిరుగుతాయి. యూరియా, డిటర్జెంటు, సింథటిక్ పాలు. 2018లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దేశమంతటా 6,432 నమూనాలు తీసి పరీక్షించింది. కల్తీ వల్ల తాగడానికి పనికిరానివి 12 తేలాయి. అఫ్లటాక్సిన్ ఎం1 హద్దు దాటినవి 368. యాంటీబయాటిక్ అవశేషాలు హద్దు మించినవి 77. అంటే మన అసలు కష్టం దొంగతనంగా కలిపేవాడితో కన్నా చెమ్మ పట్టిన దాణా బస్తాతో, పొదుగులోకి ఎక్కించిన మందుతో ఎక్కువ.

గాలికుంటు వ్యాధి మరో పెద్ద అడ్డంకి. ఇది ఒక్క కంపెనీ చేతిలో ఉన్న పని కాదు. ఆ వ్యాధి ఉన్నచోటి పాలను 132 డిగ్రీల దగ్గర కనీసం ఒక సెకను గానీ, 72 డిగ్రీల దగ్గర 15 సెకన్ల చొప్పున రెండుసార్లు గానీ వేడిచేయాలని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ చెబుతుంది. లండన్‌లో ఉన్న కొడుకు కోసం అమ్మ పెట్టెలో సర్దిన పాలకోవాను అక్కడి విమానాశ్రయంలో తీసేయడం వెనుక ఉన్నదీ పశువుల జబ్బుల భయమే. గాలికుంటును అదుపు చేయడానికి 2019లో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమం కింద ఆరు నెలలకోసారి టీకాలు, చెవికి 12 అంకెల నంబరున్న పోగు వస్తున్నాయి. పోగు వేయనివ్వని రైతులు నాకు తెలుసు, చెవి పుండవుతుందని వాళ్ల భయం. ఎగుమతి గురించి చెప్పి ఒప్పించలేం. దూడ తప్పిపోతే దొరుకుతుందంటే, బీమా వస్తుందంటే ఒప్పుకుంటారు.

అన్నట్టు, షరతులు పెట్టేది పరాయివాళ్లే కాదు. నెమరువేసే పశువుల రక్తం, లోపలి అవయవాలతో చేసిన దాణా తిన్న ఆవుల పాలు మాకొద్దని మనమూ ధ్రువపత్రం అడుగుతాం. అమెరికా ఎన్నేళ్లుగా అభ్యంతరం చెబుతున్నా మన ప్రభుత్వం పట్టు వదల్లేదు. ఆవు ఏం తిన్నదని అడిగే హక్కు మనకుందని నమ్ముతున్నప్పుడు, మన గేదె ఏం తిన్నదని ఎవరైనా అడిగితే నొచ్చుకోవడానికి లేదు.

2023-24లో మన దేశంలో దాదాపు 24 కోట్ల టన్నుల పాలు వచ్చాయి. ప్రపంచంలో మొదటి స్థానం మనదే. అదే ఏడాది ఎగుమతైన పాల ఉత్పత్తులు సుమారు 64 వేల టన్నులు. ఇంట్లో తాగేవాళ్లే కోట్లమంది ఉన్నప్పుడు ఎగుమతి తక్కువైతే నాకేమీ దిగులు లేదు. నా దిగులంతా పాల కేంద్రంలో ధర కట్టే పద్ధతి గురించి. ఫ్యాట్ ఎంత, కొవ్వు కాని ఘనపదార్థాలు అంటే ఎస్‌ఎన్‌ఎఫ్ ఎంత, ఈ రెండు అంకెలతోనే రైతు చేతికి డబ్బు. దాణా ఆరబెట్టుకున్నవాడికి, పొదుగు కడిగి పిండినవాడికి విడిగా ఒక్క పైసా రాదు. 2008లో చైనాలో నీళ్లు కలిపిన పాలలో మెలమిన్ వేశారు. నైట్రోజన్ కొలిచే పరీక్షలో ప్రోటీన్ ఎక్కువ చూపించడానికి. ఆరుగురు పసివాళ్లు చనిపోయారు, దాదాపు మూడు లక్షలమంది జబ్బుపడ్డారు. అప్పటినుంచీ చైనా పాల ఉత్పత్తులను మనం రానివ్వడం లేదు. డబ్బంతా ఒకే అంకెకు ముడిపెడితే ఎంత దూరం పోతుందో చూశాం.

పొదుగువాపు వచ్చిన గేదెకు యాంటీబయాటిక్ వేస్తే, మందు మీద రాసిన గడువు ముగిసేదాకా పాలు కేంద్రానికి పోయకూడదు. రోజుకు ఆరు లీటర్లిచ్చే గేదె, నాలుగు రోజుల గడువు, లీటరుకు అరవై రూపాయలు అనుకుంటే 1,440 రూపాయలు. డాక్టరు ఖర్చు, మందు ఖర్చు పెట్టుకున్న ఇల్లు ఆ డబ్బు కూడా వదులుకోవాలి. నోరు మూసుకుని పోసేస్తే ఎవరికీ తెలియదు, వందమంది పాలు ఒకే కూలర్‌లో కలుస్తాయి. మరుసటి రోజు ప్లాంటులో ఆ మందు వల్ల పెరుగు సరిగా తోడుకోకపోతే అప్పుడు వెతుకులాట మొదలవుతుంది. ఆ రైతును దోషిగా నిలబెట్టడం నాకు ఎప్పుడూ మనస్కరించలేదు.

ఎగుమతి చేయాలనుకునే కంపెనీ మొదట ఆ 1,440 రూపాయలను తన ఖర్చుగా రాసుకోవాలి. మందు వేయించానని రైతు ముందే చెబితే ఆ నాలుగు రోజులూ పాలు విడిగా తీసుకుని పారబోయించాలి, ఎప్పటి ధరే కట్టాలి. దీనికో నిధి కావాలి, సేకరించే ప్రతి లీటరు మీద కొన్ని పైసలు పక్కన పెడితే అది సమకూరుతుంది. రైతు చెప్పింది నిజమేనా అని చూడటానికి పశువైద్యుడి చీటీ, చెవిపోగు నంబరు చాలు. తనిఖీ అధికారి అడిగే మందుల రికార్డు కూడా అక్కడికక్కడే తయారవుతుంది.