ఎవలిన్ జీతం

జేమ్స్ జాయిస్ ‘ఎవలిన్’ కథ 1904లో అచ్చయి, 1914లో ‘డబ్లినర్స్’ సంపుటిలో చేరింది. కథానాయికకు పంతొమ్మిదేళ్ళు దాటాయి. తండ్రి తాగుతాడు, బెదిరిస్తాడు. నావికుడు ఫ్రాంక్‌తో బ్యూనస్ ఎయిర్స్ వెళ్ళిపోదామని రేవుదాకా వచ్చి, కటకటాలు పట్టుకుని ఆగిపోతుంది. భయం ఒకటి, ఇల్లు నిలబెడతానని చనిపోయే ముందు తల్లికిచ్చిన మాట మరొకటి. విమర్శకులు ఈ రెండూ చెబుతారు. కాదనను.

బ్యాంకు ఉద్యోగిని కనక నా కన్ను ఆమె జీతం మీద పడింది. ఏడు షిల్లింగులూ తండ్రి చేతిలో పోసి, శనివారం సరుకులకు మళ్ళీ ఆయన్నే దేబిరించాలి. పైగా దుబారా మనిషివని సాధింపు! మా కౌంటరు దగ్గరా చూశాను: సంతకం అమ్మాయిది, పాస్‌బుక్కు నాన్నగారి జేబులో. అలాంటి పిల్ల ఓడెక్కితే చెయ్యి చాచవలసింది ఫ్రాంక్ ముందే కదా! ఆమెను పిరికిదనడానికి నాకు నోరు రాదు.

కథలో నన్ను వదలనిది మరొకటుంది. చివరి రోజుల్లో మతి తప్పిన తల్లి గొంతు గుర్తొచ్చే, తనకా బతుకు వద్దని ఎవలిన్ చటుక్కున లేస్తుంది. అంటే పొమ్మని తరిమిందీ తల్లే, పోనివ్వనిదీ తల్లే. రేవులో ఫ్రాంక్ పిలుస్తున్నా, ఆమె కళ్ళు అతన్ని గుర్తుపట్టినట్టే ఉండవు.