వెనక కూర్చున్న మనిషి

ఒక పిల్లవాడికి ఒక బొమ్మ కార్డు అందివ్వడం నేర్పాలంటే ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఒకరు ఎదురుగా, చేతిలో వాడికి ప్రాణమైన జంతికతో. ఇంకొకరు వాడి వెనక. ఎదుటివారు ‘ఏం కావాలి నాన్నా?’ అని అడక్కూడదు. వెనకవారు అసలు నోరే విప్పకూడదు. పిల్లవాడు జంతిక కోసం చేయి చాచగానే వెనకవారు ఆ చేతిని కార్డు మీదికి మళ్లిస్తారు, పట్టిస్తారు, ఎదుటి అరచేతిలో పెట్టిస్తారు. కార్డు పడీ పడగానే ఎదుటివారు ‘జంతిక!’ అంటూ ఇచ్చేస్తారు.

పెక్స్ అనే పద్ధతిలో మొదటి మెట్టు ఇది. పూర్తిపేరు పిక్చర్ ఎక్స్‌ఛేంజ్ కమ్యూనికేషన్ సిస్టమ్. మాట రాని, వచ్చినా వాడుకలోకి రాని ఆటిజం పిల్లల కోసం 1985లో అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో సైకాలజిస్టు ఆండీ బాండీ, స్పీచ్ థెరపిస్టు లోరీ ఫ్రాస్ట్ దీన్ని తయారుచేశారు. సామాను చూస్తే ఏముంది: కార్డులు, వెల్క్రో, ఒక ఫైలు. పనితనమంతా ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరు ఎప్పుడు నోరు మూసుకోవాలి అన్నదాంట్లోనే ఉంది.

అంతకుముందు బొమ్మల పలకలు లేవా అంటే ఉన్నాయి. పిల్లవాడు బొమ్మ మీద వేలు పెట్టేవాడు. కానీ గదిలో ఎవరూ చూడకపోయినా వేలు పెట్టొచ్చు. కార్డు ఇవ్వాలంటే మాత్రం తీసుకునే మనిషి ఉండాల్సిందే, వాడు ఆ మనిషి దగ్గరికి వెళ్లాల్సిందే. మాటల్ని అనుకరించడం నేర్పే పద్ధతిలో ఇంకో చిక్కు: పెద్దవాళ్లు అడిగితేనే జవాబు, అడగకపోతే మౌనం. ఆ అలవాటు పడకూడదనే ఇక్కడ మొదట్లో ప్రశ్నని నిషేధించారు. అడగడం మొదలుపెట్టేది పిల్లవాడే కావాలి.

వెనకవారి సాయం తగ్గించే క్రమం నాకు మరీ నచ్చుతుంది. చివరి నుంచి మొదలుపెడతారు. ముందు కార్డు వదలడం వాడికే విడిచిపెడతారు. తర్వాత చేయి చాపడం, ఆ తర్వాత కార్డు తీయడం. ఏ దశలోనైనా వాడు స్వయంగా చేసిన పని జంతికకు ఆనుకునే ఉంటుంది. వెనక మనిషి మాట్లాడితే? అప్పుడు ఆ గొంతు కోసం ఎదురుచూడటం నేర్చుకుంటాడు. మనలో మాట, మన ఇళ్లలో పిల్లవాడి పక్కన పెద్దవాళ్లు నోరు మూసుకుని కూర్చోవడమే ఈ పద్ధతిలో అన్నిటికన్నా కష్టమైన భాగం.

రెండో మెట్టులో ఎదుటివారు దూరం జరుగుతారు. ఫైలు కూడా దూరం జరుగుతుంది. వాడు లేచి, కార్డు పీకి, వంటింట్లో ఉన్న అమ్మ దగ్గరికి నడిచి వెళ్లాలి.

మూడో మెట్టులో ఒక చిలిపి తెలివి ఉంది. ఫైలు మీద రెండే కార్డులు: జంతిక, సాక్సు. సాక్సు కార్డు ఇస్తే ‘కాదు, తప్పు’ అనరు, బుద్ధిగా సాక్సే ఇస్తారు. పిల్లవాడు చిరాకు పడతాడు. ఏ కార్డు ఏమిటో చూసి తీయాలన్న సంగతి ఆ చిరాకే చెబుతుంది. తర్వాత సరైన కార్డు చూపించి, సాయం చేసి, మధ్యలో వేరే చిన్న పని ఒకటి చేయించి, మళ్లీ అవకాశం ఇస్తారు.

నాలుగో మెట్టులో కార్డులు ఒక పట్టీ మీద వాక్యమవుతాయి. పట్టీ అందుకున్నవారు దాన్ని చదివి వినిపిస్తూ, వస్తువు పేరు దగ్గర కొన్ని క్షణాలు ఆగుతారు. పిల్లవాడు ఆ ఖాళీలో మాట అంటే సంతోషం, అనకపోయినా వస్తువు దక్కుతుంది. ఐదో మెట్టులోగానీ ‘ఏం కావాలి?’ అన్న ప్రశ్న రాదు. ఆరోది కోరిక తీరే మెట్టు కాదు: ‘కుక్క కనిపిస్తోంది’ అని చెబితే చేతికి ఏదీ రాదు, విన్న మనిషి ‘అవును, ఎంత పెద్ద కుక్కో!’ అంటారు, అంతే. ఆ మెట్టు దాకా రాకుండా ఆగిపోతే, పిల్లవాడి కబుర్లన్నీ కోరికల దగ్గరే ఆగిపోతాయి.

ఇది ఆటిజాన్ని పోగొట్టే మందేమీ కాదు. బ్రిటన్‌లో 84 మంది బడిపిల్లలతో జరిగి 2007లో వెలువడిన అధ్యయనంలో, టీచర్లకు నిపుణుల తోడు ఉన్నంతకాలం పిల్లలు తామై అడగడం పెరిగింది, మాటలు పెరగలేదు. ఆ తోడు ఆగాక పెరిగింది కూడా నిలవలేదు. రోజూ దగ్గరుండి చేయించేవాళ్లు ఉంటేనే నడిచే పద్ధతి ఇది.

ఇష్టమైనదాన్ని చేతిలో పట్టుకుని పిల్లవాణ్ణి ఆశపెట్టడం గురించి అభ్యంతరాలున్నాయి. అవి తీసిపారేయదగ్గవి కావు. కార్డు వాడటం వచ్చాక కూడా క్రమశిక్షణ పేరుతో ఫైలుని బీరువా మీద పెట్టేస్తే, అది వాడి నోరు నొక్కడమే. బాండీ, ఫ్రాస్ట్ ఆరు మెట్లతో పాటు సాయం అడగడం, కాసేపు విరామం అడగడం, ‘వద్దు’ అనడం కూడా నేర్పమన్నారు. నా దృష్టిలో ఆ ‘వద్దు’ కార్డు ఫైలులోకి జంతిక వెనకాలే రావాలి. అది అందుకున్న పెద్దవాళ్లు, జంతిక ఇచ్చినంత వెంటనే, చేస్తున్న పని ఆపాలి.