పీసపాటికి రాముడి వేషం

మా రామతీర్థంలో శ్రీరామనవమికి పగలు రాముడిది, రాత్రి కృష్ణుడిది. పొద్దున్న కల్యాణం, తలంబ్రాలు, పానకం. చీకటిపడితే మా వీధి పందిట్లో 'పాండవోద్యోగ విజయాలు', లేదంటే 'హరిశ్చంద్ర'. రాముడి ఊళ్ళో రాముడి నాటకం ఎందుకు వెయ్యరని చిన్నప్పుడు మా తాతనడిగితే, "రాముడికి మాటలేటున్నాయిరా గుంటడా, బాణాలు గానీ!" అన్నాడు.

తాత దగ్గర పీసపాటి నరసింహమూర్తి గారి క్యాసెట్లుండేవి. ఇప్పుడవే పద్యాలు నా ఫోన్లో ప్లేలిస్ట్. విన్నప్పుడల్లా తాతతో వాదన మళ్ళీ మొదలవుతుంది. ఈయనకి రాముడి వేషం ఇచ్చి చూడాల్సింది కదా అని.

పీసపాటి (1920–2007) మా ఉత్తరాంధ్ర మనిషి. తిరుపతి వెంకట కవుల కృష్ణుడంటే ఆయనే అన్నంతగా ఆ పాత్రలో నిలిచిపోయారు. పద్యం చివర రాగాన్ని లాగి లాగి, ఈలలు పడ్డాక వన్స్‌మోర్‌కి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోవడమే గొప్ప అనుకునే స్టేజి మీద ఆయన రాగాన్ని తగ్గించారు. అర్థం ఎక్కడ విరిగితే అక్కడే ఊపిరి తీసుకున్నారు. "పీసపాటోరు పాడరర్రా, సెప్తారు" అనేవాడు తాత. 1956లో బ్రాడ్‌వే 'మై ఫెయిర్ లేడీ'లో రెక్స్ హారిసన్ కూడా పాటల్ని సగం మాట్లాడేశాడు. కాకపోతే అతను పెద్ద గాయకుడు కాదు, వేరే దారి లేదు. పీసపాటికి రాగం వచ్చు. వచ్చీ, అక్కర్లేదనుకున్నారు.

ఇలా వేషాలు పంచడం మొదలెడితే ఎవరైనా ముందు అడిగేది హరిశ్చంద్రుడినే. నేనివ్వను. బలిజేపల్లి నాటకంలో కాటిసీనూ, అందులోకి వచ్చి చేరిన జాషువా శ్మశాన పద్యాలూ గొంతు కరిగిపోవాల్సిన చోట్లు. అవి డి.వి. సుబ్బారావు గారి సొత్తు. పీసపాటి గొంతు ఏడవదు, ఆలోచిస్తుంది.

గిరీశాన్ని మాత్రం కళ్ళు మూసుకుని ఇచ్చేస్తాను. నవ్వకండి. 'కన్యాశుల్కం' మొదలయ్యే బొంకులదిబ్బ మా ఊరి నుంచి బస్సు దూరమే. రాయబారానికొచ్చిన కృష్ణుడూ, వెంకటేశాన్ని బుట్టలో వేసుకునే గిరీశమూ చేసేది ఒక్క పనే. ఎదుటివాడు ఏం వినాలనుకుంటున్నాడో పసిగట్టి, దాన్ని తమ మాటగా వినిపిస్తారు. ఒకడు దేవుడు, ఇంకొకడు గాలిమనిషి. గొంతు మార్చక్కర్లేదు.

కానీ గిరీశం నాకు సరదా. రాముడు అలా కాదు. నేనడిగేది పట్టాభిషేకం రాముణ్ణి కాదు, భవభూతి 'ఉత్తరరామచరితం'లో రాముణ్ణి. వేదం వెంకటరాయశాస్త్రి గారి తెలుగు ఉండనే ఉంది. మనకి ఉత్తరరామాయణం అంటే 1963 'లవకుశ' గుర్తొస్తుంది. అక్కడ దుఃఖాన్ని ఘంటసాల సంగీతం మోస్తుంది, మనం హాయిగా ఏడుస్తాం. ఆ హాయి నాకు అనుమానం. సీతని అడవికి పంపినవాడి మీద జాలిపడేలా చేసేది రాగమే. రాగం తీసేస్తే మిగిలేది ఒక రాజు, ఒక ఆజ్ఞ. ఆ ఆజ్ఞని ముక్కముక్కగా, తెలివిగా, తడబాటు లేకుండా చెప్పగల గొంతులో వింటే ఒళ్ళు జలదరించాలి.

ఇంకో కారణం కూడా ఉంది. యుద్ధం ఆగదని తెలిసే కృష్ణుడు కౌరవసభలో సంధి మాట్లాడతాడు. నింద అబద్ధమని తెలిసే రాముడు శిక్ష వేస్తాడు. ఇద్దరివీ ఫలితం ముందే తేలిపోయిన మాటలు. అలాంటి మాట చెప్పడంలో పీసపాటిని మించినవాళ్ళని నేను వినలేదు. అయితే ఆయన కృష్ణుడికి ఎప్పుడూ ఒక ధీమా ఉంటుంది. అర్జునుడి జెండా మీద కోతిని గుర్తుచేసి బెదిరించే పద్యంలో కూడా లోపల ఒక నవ్వు వినబడుతుంది. అభిమానిగా ఆ నవ్వంటే ప్రాణం. కానీ ఎన్నోసారో వింటున్నప్పుడు అనిపించింది, ఈయన ఎప్పుడూ గెలిచే పక్షం నుంచే మాట్లాడుతున్నారు కదా అని. ఆ నిగ్రహం కళేనా, లేక గెలుస్తానని తెలిసినవాడి తీరికా? ఓడిపోయే పాత్రలో వింటేగానీ తేలదు. రాముడు అక్కడ ఓడిపోతాడు, అదీ తన చేతులతోనే.

సీను మొదటి అంకంలో ఉంది. సీత రాముడి చేతిమీద తలపెట్టుకుని నిద్రపోయింది. దుర్ముఖుడొచ్చి ఊళ్ళో జనం ఏమనుకుంటున్నారో చెవిలో చెప్పాడు. పద్యం పడాల్సింది ఇక్కడే. మా పందిట్లో అయితే మైకు స్టేజి ముందు భాగంలో వేలాడుతుంటుంది. ఎంత మహారాజైనా లేచి దాని కిందకొచ్చి నిలబడి అందుకోవాల్సిందే. ఇక్కడ రాముడు లేవలేడు, లేస్తే సీతకి మెలకువ వస్తుంది. హార్మోనిస్టు శ్రుతి పట్టుకుని చూస్తుంటాడు. ముందు వరసలో తాత చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుంటాడు. పీసపాటి వారు ఆ పద్యాన్ని మైకు అందని చోట, కూర్చున్న చోటనే, పక్కనున్న మనిషి లేవనంత నెమ్మదిగా చెప్పాలి.